బేకరీ మెట్ల మీద

అక్కా,

నేను బాగానే ఉన్నాను, ముందు ఆ మాట అమ్మ చెవిన వెయ్యి. మొన్న ఆదివారం పరుగులో కళ్లు తిరిగి కూలబడ్డాను. ఇక్కడ మా పరుగు జట్టు వారమంతా సాధన చేసి, ఆదివారం దూరం పరుగు పెడుతుంది. అది ముగిశాక మలుపులోని బేకరీలో క్రీమ్ కేకు తినడం నాకు నేనే రాసిచ్చుకున్న బహుమతి. ఈసారి కేకుకు కడుపులో చోటుండాలని ముందురోజు నుంచే పస్తుండి పరిగెత్తాను. సరిగ్గా బేకరీ మెట్ల మీదే కాళ్లు చచ్చుబడ్డాయి. కొట్టావిడ కేకు ముక్క నోట్లో పెడితేగానీ లేవలేదు. అందరూ నవ్వారు, మా కోచ్ తప్ప.

"మీ ఇంట్లో ఎవరికైనా షుగరుందా?" అన్నాడు.

"నాన్నకుంది."

"అయితే ముందు రక్తం చూపించుకో. బూట్లు తర్వాత కట్టుకుందువుగాని."

శనివారం పరీక్షకు వెళ్లాలి. అప్పటిదాకా ఆ వీధి మొహం చూడను.

వంటింటి కుళాయి కారడం ఆగిందా? బావ దగ్గు తగ్గిందా? అటక మీది నా పాత బూట్లు ఎవరికీ ఇచ్చెయ్యకు. మొదట్లో నాన్నకు కూడా కాళ్లు ఇలాగే చచ్చుబడేవేమో, మాటల్లో పెట్టి అడుగు. నా సంగతి తెలియనివ్వకు.

ఇంత రాశాక గుర్తొచ్చింది, పోస్టు కార్డు ఎవరి పేరున వచ్చినా గేటు దగ్గర అందుకుని ముందు చదివేది ఆయనే.

నాన్నా, ఎలాగూ చదివేశావు. నీకు మొదట్లో ఎలా ఉండేదో నువ్వే రాయి. అమ్మకు చెప్పినట్టు కాదు, ఉన్నది ఉన్నట్టు.

నీ చిన్నోడు