నింద మైకు మీద పడింది

జనవరి 6
అపెండిక్స్ ఆపరేషన్ అయి నాలుగు రోజులు. నిన్ననే కర్నూలు నుంచి కోసిగికి వచ్చేశాం. కడుపు బాగుంది. గొంతే లేదు. చూడడానికి వచ్చినవాళ్లందరిదీ ఒకటే మాట: పన్నెండేళ్లు ఎద్దుల బండలాగుడు పోటీల్లో మైకు పట్టుకుని కామెంటరీ అరిస్తే గొంతు యాడుంటాదప్పా అని. నేనూ తలూపాను. కొంచెం గర్వంగా కూడా ఉంది, చెప్పొద్దూ.

జనవరి 13
మౌనం. మిరియాల పాలు. ఈ డైరీ.

జనవరి 22
అన్నం మింగితే ఎడమ పక్క గుచ్చుతోంది. మాట్లాడబోతే గాలి తప్ప ఏమీ రావడం లేదు. ఫిబ్రవరి 9న మా ఊరి పోటీలు. కమిటీ పెద్ద ఈరన్న వచ్చాడు. ఆదోని నుంచి ఇంకొకాయన్ని పిలిపిస్తాండామని, మనసులో పెట్టుకోవద్దని చెప్పిపోయాడు. పెట్టుకున్నాను. మా ఎద్దుల సంగతి ఆదోనివాడికేం తెలుసు!

జనవరి 24, మధ్యాహ్నం 3
కారణం దొరికింది! కర్నూల్లో ఈఎన్‌టీ డాక్టర్ నాగజ్యోతి. ముప్పై ఏళ్లు కూడా ఉండవు. ముక్కులోంచి కెమెరా దించి చూస్తూ, గొంతు పోయింది ఆపరేషన్‌కు ముందా, తర్వాతా అని అడిగింది. ఆపరేషన్‌కు రెండు రోజుల ముందు కూడా ఆలూరులో పొద్దంతా మైకులో మాట్లాడినాడు మేడమ్, మత్తు దిగినప్పటి నుంచే ఇట్ల ఉండాది అని మా ఆవిడ శివలీల చెప్పింది. మూడు వారాల్లో ఈ ప్రశ్న ఎవరూ వేయలేదు. నేను కూడా!

ఆపరేషన్‌లో ఊపిరి కోసం గొంతులో ట్యూబు వేశారు కదా. అది తగిలి, స్వరపేటికలో చిన్న మృదులాస్థి ముక్క ఒకటి పక్కకు తొలగిందట. స్క్రీన్ మీద రెండు స్వరతంత్రులూ చూపించింది. జతలో ఒక ఎద్దు లాగుతుంటే ఇంకోటి నిలబడిపోయినట్టుంది. ఇది చాలా అరుదని డాక్టర్ కుర్చీలోంచి లేచి మరీ చెబుతోంది. నాకు ఈల వేయాలనిపించింది. తప్పు మైకుది కాదు!

అదే రోజు, సాయంత్రం
మళ్లీ మత్తిచ్చి ఆ ముక్కను సర్దాలట. ఇంకా ఆలస్యమైతే అక్కడే బిగుసుకుపోతుందట. గొంతు వస్తుందని మాత్రం మాటివ్వలేనంది. మళ్లీ అదే గొంతులోకి ట్యూబు! భయమేసింది. ఏం జేద్దామని శివలీల అడిగింది. సోమవారమే అని కాగితం మీద రాసిచ్చాను.

జనవరి 27
సర్దారు. ‘ఈ’ అనమంది డాక్టర్. అన్నాను. బొంగురుగానే, కానీ వచ్చింది! వచ్చింది! శివలీల ఏడ్చేసింది. ఇంకోసారి అనబోతే చాలు, నోరు మూసుకోమని ఇద్దరూ కలిసి అరిచారు.

ఫిబ్రవరి 5
గొంతు రోజురోజుకీ తేరుకుంటోంది. అరవకుండా గంట మాత్రమే మాట్లాడమని డాక్టర్ పర్మిషన్ ఇచ్చింది. ఈరన్నకు నేనే ఫోన్ చేశాను. నమ్మలేదు. ఇంగోసారి మాట్లాడప్పా అన్నాడు. మొదటి గంట నాది, మిగతాది ఆదోనాయనది.

ఫిబ్రవరి 9
నా గొంతే నేను వింటూ గంటసేపు మాట్లాడాను. ఏ జత ఎంత లాగిందో ఒక్కటీ గుర్తులేదు.