మూడు నెలలకని వెళ్లిన చెల్లెలికి

సునీతా,

నువ్వు ఆఫ్రికాలో మిషన్ దవాఖానలో సేవకని ప్రయాణమైన ఉదయం అమ్మ నూనెలో సకినాలు కాలుస్తోంది. రాత్రి షిఫ్టు నుంచి వచ్చిన మన శంకర్ కళ్ల చుట్టూ బొగ్గుమసి పోకుండానే ఒకటి కొరికి, "మూడు నెల్లకు గిన్ని సకినాలా? చెల్లె సేవకు పోతాందా, దుకాణం పెట్టవోతాందా?" అన్నాడు. నువ్వు నవ్వి, "మూడు నెల్లే అన్నా, జల్ది వస్త" అన్నావు.

తొమ్మిదేళ్లు రాలేదు. శంకర్ గనిలో పంపు నడిపేవాడు. తన బదులు మనిషి వచ్చేదాకా పంపు వదలకూడదు. నీదీ అంతే అనుకుని, ఏటా పాస్టర్ దగ్గరికి వెళ్లి, "మా చెల్లెకు రిలీవర్ను తోలుండ్రి అయ్యగారూ" అని బతిమాలేవాడు. అమ్మ పోయేనాడు కూడా, "మూడు నెల్లన్నది గదా" అంది.

నువ్వు జ్వరంతో పోయావని, అక్కడే సమాధి చేశారని ఫోను వచ్చి నేటికి ఏడాది. ఈరోజే నీ పెట్టె చేరింది. బట్టల కింద ఒప్పంద కాగితం ఉంది. పదేళ్ల సేవకు నీ సంతకం. తేదీ నువ్వు బయల్దేరిన ఆ ఉదయానికి నెల ముందటిది. శంకర్ రెండుసార్లు చదివి, తేదీ మీద వేలు పెట్టి నాకు చూపాడు.

వాడి బిడ్డ దివ్య నర్సింగు చదివింది. నీ దవాఖానకు నెలరోజులు పోతానని వారంగా అడుగుతోంది. సాయంత్రం శంకర్ దాన్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని, "నిజం జెప్పు బిడ్డా. నెలనా, ఏండ్లా?" అన్నాడు.

అది, "ఐదేండ్లు నాయినా" అంది.

దివ్యను పంపాలనే నిర్ణయించాం. నెలకని కాదు, ఐదేళ్లకని పక్క క్వార్టర్ల వాళ్లకు కూడా చెప్పి సాగనంపుతాం.

అక్క