రూతు అడిగిన నీళ్లు

బుధవారం రాత్రి

మా మనవరాలు రూతు పోయే ప్రత్యేక పిల్లల క్లాసులో టీచరు కాన్పు సెలవు పెట్టింది. బదులుగా వచ్చిన టీచరమ్మ ఈరోజు ఏ బిడ్డకు ఏమొచ్చో చూసింది.

"అవ్వా, పాప దాహమైతే అడుగుతాదా?"

"అడిగేదాకా నేనుంటానా తల్లీ? మొగం చూస్తానే తాపుతా."

"అయితే బాటిలు నా దగ్గరుంటాది. నువ్వు చేతులు కట్టుకోని కూచో. నీకూ పరీచ్చే!" అని నవ్వింది.

ఎండకు గది ఉడికిపోతోంది. రూతు బాటిలు వైపు చూసింది, నా వైపు చూసింది. నాలుకతో పెదవులు తడుపుకుంటుంటే నా ప్రాణం కొట్టుకులాడింది. నేను పోయాక దీని దాహం ఎవరికి తెలుస్తుందన్నదే నాకు ఎప్పుడూ దిగులు.

చివరికి రూతు టీచరమ్మ చున్నీ పట్టుకుని లాగింది. "నీల్లు!"

గటగటా తాగి, మిగిలినవి నా నోటి దగ్గర పెట్టింది.

"ఇద్దరూ పాసే అవ్వా," అంది టీచరమ్మ.

రోజూ దాని మంచం పక్కన చెంబుతో నీళ్లు పెడతాను. ఈ రాత్రి పెట్టలేదు. అడుగుతుందో, దాహంతోనే పడుకుంటుందో... చెంబు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను.