మూగ పనిమనిషి మొదటి మాట

లిలువా,
12-8-2004

కోదండం అన్నయ్యకి,

నా బెంగాలీలో మన యాస వినిపిస్తుందని తెలిసి, సీరియల్లో నా కోసమే మూగ పనిమనిషి పాత్ర రాశావు. ఇన్నాళ్లూ మా ఇంట్లో పొయ్యి వెలిగిందంటే నీ చలవే.

రచయితలు మీరంతా సమ్మెలో ఉన్నా టాలీగంజ్ స్టూడియోల్లో షూటింగ్ ఆగలేదు. నటులే మాటలు కల్పించుకుంటున్నారు. నిన్న డైరెక్టర్, "కాళీమాత దయవల్ల నీకు మాటొచ్చింది, ఏదో ఒకటి మాట్లాడు" అన్నారు. ఎన్ని టేకులు తీసినా నేను సైగలే చేశాను. ఇలాగైతే రేపటి నుంచి రావద్దన్నారు.

"నోరిప్పితే నీకేటి పోతాదే?" అని అమ్మ కేకలేసింది.

నేను మాట్లాడితే నీ పని నేను చేసినట్టే కదా అన్నయ్యా. సమ్మె గెలిచి రా. నా మొదటి మాట నువ్వే రాయాలి.

నీ చెల్లెలు