గ్రహణం పూట గొళ్ళెం

ఆత్మకూరు,
28-10-1995.

ప్రభువునందు ప్రియమైన మీకు, మీ సుకుమారి వందనాలు. ఇక్కడ అందరం క్షేమం. మీరూ ఆ ఆదిలాబాదు చలిలో క్షేమంగా ఉండాలని ప్రార్థిస్తున్నాను. ప్రార్థన అయిపోయింది, ఇక పోట్లాట. పైన ఉదయగిరికి బదులు ఆత్మకూరు అని ఉందేమిటని కంగారుపడి పేజీ తిప్పకండి. వరసగా చదవండి.

మీరు అడిగినవాటికి ముందు జవాబులు. ఐరన్ మాత్రలు వేసుకుంటున్నాను. కాళ్ల వాపు తగ్గింది. మామ దగ్గు అలాగే ఉంది, బీడీ మానితే కదా. చూలు మేకలు రెండూ బాగున్నాయి. "అమ్మ మాట వింటున్నావా?" అని కూడా అడిగారు. దానికి జవాబే ఈ ఉత్తరం.

చివర్లో మీరు రాసిన మాటలు నాకు కంఠతా వచ్చేశాయి. "దీపావళి మర్నాడు సూర్యగ్రహణం. ఆ పూట డాక్టరమ్మ దగ్గర పరీక్షకు ఆత్మకూరు వెళ్లొద్దు. అమ్మ చెప్పినట్టు ఇంట్లోనే కదలకుండా పడుకో. ఎందుకైనా మంచిది." ఎవరండీ ఇది రాసింది? టార్చిలైటూ బంతీ పట్టుకుని పిల్లలకు గ్రహణం పాఠం చెప్పే సైన్సు మాస్టారేనా? పెళ్లయిన కొత్తలో నాకూ చెప్పారు, నిమ్మకాయను చంద్రుణ్ణి చేసి. అప్పుడు లేని భయం ఇప్పుడెక్కడి నుంచి వచ్చింది?

ఎక్కడి నుంచి వచ్చిందో నాకూ తెలుసు. మన మొదటి బిడ్డ దగ్గర నుంచి. అప్పుడూ నెలలు నిండాక కదలిక తగ్గిందని నేను చెబితే, "బిడ్డ పెరిగింది, చోటు చాలక అణిగి ఉండాది" అన్నది అత్త. మీరూ ఊ కొట్టారు. మర్నాడు ఆసుపత్రికి వెళ్లేసరికి బిడ్డ గుండె ఆగిపోయి ఉంది. అందుకే కదా ఈసారి డాక్టరమ్మ వారం వారం రమ్మని, కడుపుకు బెల్టు కట్టి, బిడ్డ గుండె ఎలా కొట్టుకుంటోందో కాగితం మీద గీతలు తీసి చూస్తోంది! కదలిక తగ్గితే ఏ పండగకూ ఆగొద్దని మీ ముందే చెప్పింది. మరిచిపోయారా?

గ్రహణం రోజు పొద్దున లేచేసరికి కదలిక లేదు. చక్కెర నీళ్లు తాగి ఎడమ పక్కకు తిరిగి పడుకున్నాను. కాస్త మెసిలినట్టు అనిపించి, ఆగిపోయింది. అత్తకు చెప్పాను.

"గ్రహణం యాళకి బిడ్డ అణిగితే మంచిదే. విడిచినాక పోదాంలే. ఇప్పుడు నువ్వు కదిలితే పెదివి చీలి మొర్రితో పుడతాది" అన్నది.

నన్ను గదిలో పడుకోబెట్టి తలకింద బైబిలు పెట్టింది, గడప మీద దర్భ పెట్టింది. చర్చిలో ముందు వరసలో కూర్చునే మనిషి ఆ దర్భ ఎక్కడ సంపాదించిందో! బయట గొళ్ళెం పెట్టింది. నేను అరిస్తే కిటికీలోంచి మీ ఉత్తరం ఊపి చూపించింది.

"నా మాట కాదమ్మే, సదువుకున్నోడు, నీ మొగుడే రాసినాడు గదా!"

మీ చేతిరాత చూసి నేనూ కాసేపు కదలకుండా పడుకున్నాను. అది తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండిపోతోంది.

అంతలో మామ మేకలను తోలుకుపోతున్న గంటల చప్పుడు వినిపించింది. లేచి తలుపు బాదాను. "మామా, చూలు మేకలకు లేని గ్రహణం నాకెందుకు? బిడ్డ కదలడంలేదు!" అని అరిచాను. మామ వచ్చి గొళ్ళెం తీశాడు. అత్త అడ్డం వచ్చింది.

"పోయినసారి నీ మాట విని ఒక బిడ్డను ఈ చేతులతో పూడ్చినాను. తప్పుకో" అన్నాడు. మేకలను వీధిలోనే వదిలేసి నాతో బస్సెక్కాడు.

బస్సులో మేమిద్దరమే. "ఏందమ్మా, గ్రహణం పట్టి ఉండాదే, నిండు మనిషివి బయటికొచ్చినావే?" అన్నాడు కండక్టరు. "నీకు లేదా గ్రహణం? టికెట్టు కొట్టు" అన్నాను. నా నోటికి నేనే ఆశ్చర్యపోయాను.

డాక్టరమ్మ బెల్టు కట్టింది. గీత మాటిమాటికీ కిందికి జారిపోతోంది. కాగితం చూస్తూనే ఆపరేషన్ అన్నది.

ఇంతసేపూ మిమ్మల్ని ఏడిపించాలనే దాచాను. మనకు పాప పుట్టింది. పేగు మెడకు చుట్టుకుని ఉందట. "ఇంకో పూట ఆగి ఉంటే..." అని డాక్టరమ్మ ఆ మాట పూర్తి చేయలేదు. పాప బాగుంది, అరుపుల్లో నన్ను మించింది. టెలిగ్రాం ఇస్తానన్న మామను వద్దన్నది నేనే.

తర్వాతి బస్సుకు అత్త వచ్చింది. ఆడా మగా అని అడగలేదు. గుడ్డ తొలగించి పాప పై పెదవిని వేలితో తడిమింది. "బాగుండాది" అని కూలబడి ఏడ్చింది. ఆమెను నేనేమీ అనలేదు, అననూ అనను. ఆమె తెలియక భయపడింది. మీరు అన్నీ తెలిసి రాశారు. నా కోపమంతా మీ మీదే.

సెలవు పెట్టి రండి. ఆ టార్చిలైటు, ఆ బంతి తెచ్చుకోండి. ముందు మీ అమ్మను కూర్చోబెట్టి గ్రహణం ఎలా పడుతుందో మొత్తం చెప్పండి. "ఎందుకైనా మంచిది" అనే మాట రాకుండా చెప్పండి. పాపను మీ చేతికి ఇచ్చేది ఆ తర్వాతే.

ఇట్లు,
మీ కూతురి తల్లి,
సుకుమారి