ఈటెలు మొలిచిన మూడుమూలల నేల

షానన్ పట్టణంలో కాపురముంటున్న శ్యామలాదేవి అనే నేను, కీర్తిశేషులు పురుషోత్తం గారి భార్యను, డెబ్బై ఒక్కేళ్లదాన్ని, తెనాలిలో ఆడపిల్లల కాలేజీలో ఇంగ్లీషు పాఠాలు చెప్పి, ఆపైన భర్త ఉద్యోగం వెంట ఈ ఐరిష్ వానల దేశానికి వచ్చినదాన్ని, నా ఇష్టప్రకారం రాసిన వీలునామా ఇది. మోకాళ్లు పోయాయి గాని మతి పోలేదు. నన్నెవరూ బెదిరించలేదు, బుజ్జగించనూ లేదు. ఆ రెండూ చేయగలిగినవాడు నా కొడుకొక్కడే, వాడికి ఈ సంగతి తెలియదు. ఇదివరకు రాసినవన్నీ దీంతో రద్దు.

ఇంగ్లీషు ప్రతి సొలిసిటర్ గారి దగ్గర ఉంది. అందులో ఆస్తులు మాత్రమే ఉన్నాయి, ఇందులో కారణాలు కూడా ఉన్నాయి. ఇంగ్లీషు చెప్పుకుని బతికినదాన్నే గాని, తిట్టాలన్నా ముద్దు చేయాలన్నా నాకు తెలుగే కావాలి.

1. ఈ వీలునామాను అమలు జరిపే బాధ్యత నా కోడలు మధులికది. మా చక్రధర్‌కి కోపం వస్తే కాగితం చదవడు. మధులిక చదివాకే కోపం తెచ్చుకుంటుంది, అది మంచి లక్షణం. నేను పోయిన నాడే ఆమె దీన్ని ఒక్కతే చదువుకోవాలి. నాలుగో క్లాజు వాడికి ఆనాడే చెప్పాలి. పదమూడో నాడు మాత్రం మొత్తం అందరి ముందూ పైకి చదవాలి. ఆ రోజు పక్కింటి జెరాల్డ్ మక్‌నమారా గారిని పిలిచి కుర్చీ వేసి కూర్చోబెట్టండి. మనవరాలు ఆశ్రిత ఆయన పక్కన కూర్చుని ఇంగ్లీషులో చెబుతుంది. దానికి తెలుగు రాదని మీరనుకుంటారు గాని, దానికి అన్నీ అర్థమవుతాయి, జవాబు చెప్పడానికే బద్ధకం.

2. నేనుంటున్న ఇల్లు నా కొడుకు చక్రధర్‌కి. అయితే నాలుగో క్లాజు పాటించాకే అది వాడిది.

3. ఆశ్రితకు నా పెద్ద నిఘంటువు. అట్ట ఊడింది, అతికించుకో తల్లీ. దాంతోపాటు నాకు ప్రాణమైన ఒక మాటను కూడా నీకు రాసిస్తున్నాను. మాటలు ఎవరి సొత్తూ కావని సొలిసిటర్ గారు అభ్యంతరం చెప్పారు, ఆవిడ పని ఆవిడ చేసుకోమన్నాను.

పాత ఇంగ్లీషులో "గార్" అంటే ఈటె. వెయ్యేళ్ల కిందట ఆ మాట వినబడితే ఇళ్లలో పిల్లల్ని లోపలికి లాక్కునే ఉంటారు. తర్వాత ఈటెలు తుప్పుపట్టాయి, ఆ మాటతో ఎవరికీ పనిలేకుండా పోయింది. ఇంకోటయితే చచ్చి ఊరుకునేది. ఇది ఎన్నిచోట్ల తలదాచుకుందో చూడు! లీక్ అనే ఉల్లిజాతి కూర చెయ్యి పట్టుకుని గార్లిక్ అయి వంటింట్లో దూరింది. అంటే ఈటె ఉల్లి. రెబ్బ ఒలిచి చూడు, అచ్చం ఈటె మొనే. మనవాళ్లు రంగు చూసి వెల్లుల్లి అన్నారు, వీళ్లు మొన చూసి పేరు పెట్టారు. ఆ మొన మూడుమూలలది కనుక, లంగా కింద వెడల్పుగా విచ్చుకోవడానికి దర్జీ వేసే మూడుమూలల ముక్క, కలీ, "గోర్" అయింది. రెండు చేల మధ్య మిగిలిపోయిన మూడుమూలల నేలా అదే అయింది. ఎద్దు కొమ్ముతో పొడిస్తే అదీ గోరే. నెత్తురనే గోర్ మాత్రం వేరే వంశం, దాని పుట్టుక పేడలో. నా క్లాసులో ఏటా ఎవరో ఒకరు ఈ రెంటినీ కలిపేసేవారు. నువ్వు కలిపితే పైనుంచి దిగి వస్తాను.

జెరాల్డ్ అనే పేరు మొదట్లో ఉన్నదీ ఈ ఈటే, జర్మను దారిన వచ్చింది. ఈటె పట్టి ఏలేవాడని అర్థం. ఆ సంగతి చెబితే ఆయన చేతిలో పార ఎత్తి చూపించి, "దిస్ ఈజ్ ఆల్ ఐ రూల్ విత్, మిసెస్" అన్నారు. చంపడానికి పుట్టిన మాట వండుకోవడానికీ, కుట్టుకోవడానికీ, మంచి మనిషికి పేరు పెట్టడానికీ మిగిలింది. ఎంత గట్టి ప్రాణమమ్మా దానిది! తలుచుకున్నప్పుడల్లా నాకు ఒళ్లు పులకరిస్తుంది. నీకు చెబితే "దట్స్ గ్రాండ్, నానమ్మా" అని ఫోను చూసుకున్నావు. ఫరవాలేదు, ముసలయ్యాక గుర్తొస్తుంది.

నా మంగళగిరి పట్టుచీర కూడా నీకే. బీరువాలో దాచకు. కత్తిరించి కలీల లంగా కుట్టించుకుని గిర్రున తిరుగు.

4. మన పెరటి పొదలకు అవతల, రోడ్డు వంపు తిరిగేచోట ఉన్న మూడుమూలల నేల మన దస్తావేజులోదే. జెరాల్డ్ గారు బతికున్నంతకాలం దాన్ని దున్నుకుని అనుభవించాలి, తర్వాత అది ఆశ్రితది. అడ్డంగా చక్రధర్ నిలబెట్టిన చెక్క కంచెను పదమూడో నాటికల్లా వాడే పీకాలి. మనిషిని పెట్టి పీకించకూడదు. పీకకపోతే ఇల్లు కూడా ఆశ్రితకే పోతుంది.

కారణం చెబుతాను. మా అత్తింట్లో వెల్లుల్లి గడప దాటకూడదు. మా పుట్టింట్లో అది పడందే పప్పు పొయ్యి దిగదు. పెళ్లయిన నాటినుంచీ మావారి మాట తీసేయలేదు, నోరు కట్టుకున్నాను. ఇక్కడికొచ్చాక ఈ చలికి, ఈ ముసురుకి, నా నోరు నా మాట వినలేదు. ఇంట్లో వద్దన్నారు గాని నేలలో వద్దనలేదు కదా అని ఆ ముక్కలో వెల్లుల్లి నాటాను. పక్కింటాయన ఎయిర్‌పోర్టులో పనిచేసి విరమించినవారు, భార్య పోయి ఒక్కరే ఉండేవారు. వానలో నేను పారతో కుస్తీ పడుతుంటే చూసి, అడక్కుండా వచ్చి నేల తవ్విపెట్టారు. పండాక ఎక్కడ తినాలో తెలియక నిలబడితే, తన వంటింటి తలుపు తీశారు.

అప్పటినుంచి ప్రతి వేసవికీ లిమరిక్ నుంచి మామిడికాయలు తెప్పించుకుని, వెల్లుల్లి ఆవకాయ ఆయన వంటింట్లోనే కలిపాను. జాడీ ఆయన ప్రెస్‌లోనే, అదే వంటింటి అలమరలో, ఉండేది. పగలు మావారు ఆఫీసులో ఉన్నప్పుడు, రిటైరయ్యాక ఆయన కునుకు తీసేటప్పుడు, పెరట్లోంచి వెళ్లి రెండు ముద్దలు తినొచ్చేదాన్ని. మావారికి చెప్పవద్దని జెరాల్డ్ గారి దగ్గర మాట తీసుకున్నాను. జాడీ మాత్రం ఇట్టే అడుగంటేది. ఈ ఐరిష్ నాలుక ఇంత గట్టిదా అని ముక్కున వేలేసుకునేదాన్ని.

మావారు పోయిన మరుసటేడు, ఉగాది సభలో ఎవరో చక్రధర్‌ని అడిగారట, "మీ అమ్మగారు ఆ ఐరిష్ ఆయనింట్లో వంట చేస్తున్నారటగా?" అని. లోకులు కాకులు. నా కొడుకు ఆ కాకుల మాట విని తానుండే శాండీఫోర్డ్ నుంచి కారేసుకొచ్చి, నన్నొక్క ముక్క అడక్కుండా కంచె పాతించాడు. ఇటు అడుగు పెడితే గార్డ్స్‌ని, అంటే పోలీసుల్ని, పిలుస్తానని అంత పెద్దాయన్ని బెదిరించాడు. ఆయన టోపీ తీసి, సరే బాబూ అని వెళ్లిపోయారు. ఆ సిగ్గు నాకింకా చావలేదు. ఆనాటినుంచి ఈ మోకాళ్లతో రోడ్డు చుట్టూ తిరిగి వెళ్లి ఆ ఇంట్లోనే ఆవకాయ తిన్నాను. మానుతానని వాడనుకున్నాడేమో, మానలేదు.

5. నా మరిది హనుమత్ప్రసాద్ గారికి వెండి పంచపాత్ర, ఉద్ధరిణి. ఆయనతో నాకు నలభై ఏళ్ల తగువుంది గాని, పట్టిన నియమం ఒక్కనాడూ విడవని మనిషి, అందుకు దణ్ణం పెడతాను. పన్నెండు రోజులూ ఆయన వాట్సాప్‌లో చెప్పినట్టే చేయండి. పదమూడో నాడు శుభస్వీకారం భోజనంలో మాత్రం వెల్లుల్లి ఆవకాయ వడ్డించాలి. ఆయన విస్తరి వేరే వేసి, అది తగలకుండా చూడండి. మిగతా విస్తళ్ల జోలికి ఆయన్ను రావద్దనండి. ఉల్లి చేసిన మేలు తల్లి కూడా చేయదంటారు, వెల్లుల్లి దాని చెల్లెలే. జెరాల్డ్ గారి విస్తరి చక్రధర్ పక్కన.

6. సాక్షి సంతకం చేసినవాళ్లకు ఏమీ రాయకూడదని చట్టమట. అందుకని ఖైరున్నీసాకీ, నతానియేల్‌కీ చెరో సీసా పచ్చడి ఇవాళే ఇచ్చేశాను.

7. ఇది చక్రధర్‌కి. ఒరే చక్రీ, కోపం దిగమింగుకుని విను.

మా పెళ్లినాటి స్టీలు చెంచాల్లో, మీ నాన్న పేరు చెక్కించిన చెంచా కనబడటం లేదని ఇల్లంతా వెతికాను, గుర్తుందా? ఆయన్ను అడిగితే డిష్‌వాషర్ మింగి ఉంటుందని, నేనేం చేసుకుంటానని, గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు మాట్లాడారు. ఆయన పోయిన నెలకు జెరాల్డ్ గారు నన్ను తన వంటింట్లో కూర్చోబెట్టి, ప్రెస్ తెరిచి, జాడీ వెనకనుంచి ఆ చెంచా తీసి నా చేతిలో పెట్టారు. "హీ వాజ్ మ్యాడ్ ఫర్ ఇట్, మిసెస్. ఆన్ టోస్ట్" అన్నారు. నా ఆవకాయంటే మీ నాన్నకు పిచ్చట, టోస్ట్ మీద వేసుకుని తినేవారట.

రోజూ సాయంత్రం వానలో కూడా మీ నాన్న మానని ఆ నడక, పెరట్లోంచి ఆ వంటింటికేరా. పగలు నేను, సాయంత్రం ఆయన, పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగినట్టు ఒకే జాడీలో తిన్నాం. నాకు చెప్పవద్దని ఆయనా మాట తీసుకున్నారట. ఆ మనిషి ఇద్దరి మాటా నిలబెట్టారు. కడుపుబ్బ నవ్వాను, తర్వాత ఏడ్చాను. ఒక్కసారైనా ఇద్దరం కలిసి తినలేదే అని ఇప్పటికీ ఏడుస్తాను. ఆయన పోయాక వెల్లుల్లిని నా వంటింట్లోకే తెచ్చుకోవచ్చు, అడిగేవాళ్లు లేరు. తెచ్చుకోలేదు. ఆయన చెంచాను మళ్లీ ఆ జాడీ పక్కనే పెట్టేశాను, అది అక్కడుంది.

ఈ మాట నీకు ముందే చెబితే కంచె తీసేసేవాడివే. మీ నాన్న గుట్టు నా నోటితో విప్పడానికి ప్రాణమొప్పలేదు. ఇంటి పరువని నువ్వు కంచె పాతింది మీ నాన్న నడిచిన దారికి అడ్డంగా.

ఆ చెంచా నీకు రాసిస్తున్నాను. కానీ ఇంటికి తెచ్చుకోకూడదు. అది జెరాల్డ్ గారి ప్రెస్‌లో, జాడీ పక్కనే ఉంటుంది. మీ నాన్న గుర్తొచ్చినప్పుడు పెరట్లోంచి వెళ్లి ఆ తలుపు కొట్టు. ఆయన టోస్ట్ పెడతారు.

షానన్, 14 అక్టోబరు 2025.
ఈ ఏటి వెల్లుల్లి రెబ్బలు నాటిన మర్నాడు.

(సంతకం) శ్యామలాదేవి

ఆవిడ మా ఇద్దరి కళ్లముందు చదివి సంతకం చేశారు, ఆవిడ ఎదుటే మేమూ చేశాం.

సాక్షులు:
ఖైరున్నీసా, షానన్
నతానియేల్, గాల్వే