సున్నా నుంచి మొదలైన గ్రాఫు

అమ్మకి నమస్కారాలు. ఇక్కడ నేనూ నాన్నా కులాసాగా ఉన్నాం. నీకూ ఒంట్లో బాగుందని, ట్రైనింగు హాస్టల్లో దోమల గోల తగ్గిందని అనుకుంటున్నాను.

సైన్సు ఎలా సాగుతోందని అడిగావు. లైన్ గ్రాఫులు నడుస్తున్నాయి. ఇంట్లో మారుతుండే దేన్నైనా వారం వారం కొలిచి గ్రాఫు గీయమన్నారు టీచరు. మా క్లాసువాళ్లంతా మొక్కలు పెట్టారు. వాటికి నీళ్లు పోసే ఓపిక నాకెక్కడిది? మన కుట్టు షాపు పక్కన మందుల షాపులో బరువు మిషనుంది కదా, నాన్నని ఎక్కించాను. "నన్ను తూచి ఎవరికి అమ్ముతావే?" అని నవ్వుతూనే ఎక్కాడు.

అడ్డంగా వారాలు, నిలువుగా కిలోలు. కిలోలు సున్నా నుంచి మొదలుపెట్టాను. చుక్కలన్నీ కాగితం పైఅంచున ఇరుక్కున్నాయి. కలిపితే గీత కాస్త వాలినట్టుంది, అంతే. నాన్నకి తెగ నచ్చింది. "చూశావా, నిక్షేపంగా ఉన్నాను" అని షాపు గోడకి అంటించుకున్నాడు.

టీచరు మాత్రం ఒప్పుకోలేదు. "కింద ఇంత ఖాళీ వదిలేస్తే మార్పేం కనిపిస్తుంది? యాభై నుంచి మొదలుపెట్టి మళ్లీ గియ్యి" అన్నారు. అవే అంకెలతో గీశాను. ఈసారి గీత పైమూల నుంచి కిందికి జారిపోయింది. తెచ్చి చూపిస్తే నాన్న నవ్వలేదు. కత్తెర పక్కన పెట్టి చాలాసేపు చూశాడు. "అమ్మ పరీక్షలయ్యేదాకా ఈ సంగతి రాయకు" అన్నాడు.

వేళకి తింటున్నాడా అనీ అడిగావుగా. పళ్లెం ముందు కూర్చుంటాడు, కెలికి లేచిపోతాడు. తన ప్యాంట్లు తనే నడుం దగ్గర బిగించి కుట్టుకుంటున్నాడు. డాక్టరు దగ్గరికి పద అంటే చేతినిండా పనుందంటాడు. నా మాట చెవిన పెట్టడు. నాకు చాలా భయంగా ఉందమ్మా.

పైన కులాసా అని రాసింది నాన్న ఎదురుగా కూర్చుని చూస్తున్నప్పుడు. ఇప్పుడు ఎవరికో కొలతలు తీసుకోవడానికి వెళ్లాడు. వచ్చేలోపు ఇది పోస్టులో వేసేయాలి.

రెండో గ్రాఫు ఇందులోనే పెట్టాను. ఇలాగే సాగితే గీత ఎక్కడికి చేరుతుందో చుక్కల గీతతో చూపించమన్నారు టీచరు. అందరూ గీశారు. నేను గీయనన్నాను, మార్కులు పోతే పోనీ. నువ్వొచ్చి నాన్నని డాక్టరు దగ్గరికి లాక్కెళ్లు. ఆ తర్వాత మళ్లీ తూచి, మామూలు గీతే గీస్తాను.

ఇట్లు,
నువ్వు మొండిఘటం అని తిట్టే నీ కూతురు